ఆస్పత్రి చీటీలో ఏం రాయించారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ పని దగ్గర దెబ్బలు తగిలిన ఇళ్ళ నుంచే వచ్చాయి. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు. మిగతా వాళ్ళకి కూడా పనికొస్తాయనుకున్నవి తీసుకున్నాను. పేర్లు, ఊళ్ళు గుర్తుపట్టకుండా కొంచెం మార్చాను.

ప్రశ్న: అక్కా, మా ఆయన వయసు 32. జీడిమెట్ల వైపు ఒక చిన్న షెడ్డులో పవర్ ప్రెస్ మీద చేసేవాడు. ఓనరుతో కలిపి ఏడుగురు ఉంటారు అక్కడ, ఈఎస్‌ఐ (ప్రభుత్వ కార్మిక బీమా) లేదు. నెలకి 16 వేలు ఫోన్‌పేలో వేసేవాళ్ళు. 2024 ఆగస్టులో రాత్రి షిఫ్టులో ప్రెస్ దిగి కుడి చేతివి మూడు వేళ్ళు పోయాయి, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు. సూపర్‌వైజరే బండి మీద ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళి, ఇంట్లో మోటారు రిపేరు చేస్తుంటే తెగిందని రాయించాడు. అలా రాయిస్తే పోలీసు గొడవ ఉండదు, ఓనరు అంతా చూసుకుంటాడు అన్నాడు. ఆస్పత్రి బిల్లు కట్టారు, తర్వాత 60 వేలు ఇచ్చి స్టాంపు కాగితం మీద సంతకం తీసుకున్నారు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. మా ఆయన ఎడమ చేత్తో స్పూను పట్టుకుని తింటున్నాడు. ఇక ఏమీ రాదా?

జవాబు: వస్తుందమ్మా. కానీ టైము లేదు. ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్ళలోపు దరఖాస్తు వేయాలి, అంటే 2026 ఆగస్టుతో మీ గడువు అయిపోతుంది. ఆలస్యానికి గట్టి కారణం ఉంటే ఈ కేసులు వినే కార్మిక శాఖ అధికారి, అంటే కమిషనర్, మన్నించవచ్చు గానీ ఆ ఆశ మీద కూర్చోకండి.

ముందు డబ్బు లెక్క చెప్తాను, ఎందుకంటే 60 వేలు ఎంత తక్కువో మీకు తెలియాలి. 2025 నవంబర్ 21కి ముందు జరిగిన ప్రమాదాలకి, ఈఎస్‌ఐ లేని పనివాళ్ళ విషయంలో, 1923 నాటి పరిహార చట్టం వర్తిస్తుంది. షెడ్డు చిన్నదని, ఆరుగురే చేస్తారని ఓనరు తప్పించుకోలేడు. శాశ్వతంగా, పూర్తిగా పనికి రాకుండా పోతే నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి చట్టంలో రాసున్న అంకెతో గుణించాలి. 2020 జనవరి నుంచి లెక్కకి తీసుకునే జీతం గరిష్ఠంగా 15 వేలు, కాబట్టి మీ 16 వేలు 15 వేలే అవుతుంది. అందులో 60 శాతం 9 వేలు. 32 ఏళ్ళకి ఆ అంకె 203.85. గుణిస్తే 18,34,650 రూపాయలు. ఒక చేతి మూడు వేళ్ళు పోతే సంపాదించే శక్తి 30 శాతం పోయినట్టు ఆ చట్టం షెడ్యూలులోనే ఉంది, అంటే 5,50,395 రూపాయలు. ప్రమాదం జరిగాక నెల రోజుల్లోపు కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఎగ్గొట్టాడని తేలితే పరిహారంలో సగం దాకా జరిమానా కూడా వేయొచ్చు. వడ్డీ ఒక్కటే ఏడాదికి 66 వేలు అవుతుంది, మీకు చేతిలో పెట్టిన దానికంటే ఎక్కువ. వైద్యం ఖర్చు ఇందులో కలవదు, అది విడిగా ఓనరే భరించాలి, కాబట్టి బిల్లు కట్టాం కదా అని పరిహారంలో కోత పెట్టడానికి లేదు.

ఆ స్టాంపు కాగితం గురించి భయపడకండి. పనివాడు తన పరిహారం హక్కు వదులుకుంటున్నట్టు ఎన్ని సంతకాలు పెట్టినా చెల్లదని చట్టంలో 17వ సెక్షన్ స్పష్టంగా చెప్తుంది. ఒకవేళ నిజంగానే ఇద్దరూ ఒప్పుకుని ఒక మొత్తానికి కుదుర్చుకున్నా దాన్ని కమిషనర్ దగ్గర రిజిస్టరు చేయాలి, మొత్తం మరీ తక్కువగా ఉంటే ఆయన రిజిస్టరు చేయడానికి ఒప్పుకోకపోవచ్చు. నోటరీ దగ్గర రాసుకున్నది ఓనరు బీరువాలో పెట్టుకోవడానికే.

నాకు టెన్షన్‌గా ఉన్నది ఆస్పత్రి చీటీ గురించి. ఇరవై ఏళ్ళుగా ఈ కేసులు చూస్తున్నాను, ఓడిపోయిన కేసుల్లో చాలా వరకు ఓడింది ఆ మొదటి గంటలోనే. రక్తం కారుతున్న మనిషికి నొప్పి తప్ప ఏమీ తెలియదు, పక్కన ఉన్న భార్య ఏడుస్తూ ఉంటుంది, రిసెప్షన్ దగ్గర నిలబడి దెబ్బ ఎలా తగిలిందో చెప్పేది సూపర్‌వైజరు. ఒక కేసులో చూశాను, కేస్ షీటులో ‘ఫ్యాక్టరీ’ అని రాసి కొట్టేసి పైన ‘ఇల్లు’ అని రాశారు. ఆ కొట్టివేత ఉండబట్టే మేము గెలిచాం.

మీకు అలాంటి కొట్టివేత లేకపోయినా దారులున్నాయి. బిల్లు ఎవరి ఫోన్ నుంచి కట్టారు? ఓనరు ఖాతా నుంచో సూపర్‌వైజరు ఖాతా నుంచో పోయి ఉంటే, ఇంట్లో తెగిన వేళ్ళకి వాళ్ళెందుకు బిల్లు కట్టారు అన్న ప్రశ్నకి జవాబుండదు. ఆస్పత్రికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి పూర్తి కేస్ షీటు, చేరిన టైముతో సహా తీసుకోండి. అంత రాత్రప్పుడు ఇంట్లో మోటారు ఎవరు రిపేరు చేస్తారు? జీతం పడిన ఫోన్‌పే స్టేట్‌మెంటు తీయండి. వాట్సాప్‌లో సూపర్‌వైజరు పంపిన ‘ఎలా ఉంది’ అన్న మెసేజ్‌తో సహా ఏదీ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చేటప్పుడు ముఖ్యంగా. ఆ రాత్రి అక్కడున్న వాళ్ళలో ఇప్పుడు పని మానేసిన వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళని పట్టుకోండి, ఇంకా అక్కడే చేస్తున్న వాళ్ళు సాక్ష్యానికి రాలేరు, వాళ్ళని తప్పు పట్టలేం.

ఇంకొకటి. మీ ఆయన్ని కూర్చోబెట్టి ప్రెస్ గురించి నిదానంగా అడగండి. ఇలాంటి ప్రెస్‌లకి సాధారణంగా రెండు బటన్లు ఉంటాయి, రెండు చేతులూ రెండు బటన్ల మీద ఉంటేనే పైనుంచి దిగాలి, అప్పుడు చెయ్యి డై (రేకుని నొక్కే అచ్చు) కింద ఉండే అవకాశమే లేదు. చాలా షెడ్డుల్లో ఒక బటన్ నొక్కి పెట్టి టేపు చుట్టేస్తారు, పీసులు తొందరగా పడతాయని. ఆ టేపు ఎవరు చుట్టారు, ఎవరు చుట్టమన్నారు, గంటకి ఎన్ని పీసులు తీయమన్నారు, ఇవి రాసిపెట్టుకోండి. ఎందుకంటే రేపు ఓనరు లాయరు అనబోయేది ‘వాడి నిర్లక్ష్యం’ అనే. నిర్లక్ష్యం ఈ చట్టంలో సాకు కాదు. పనివాడు కావాలని, తెలిసి తెలిసి రక్షణ సాధనం తీసేశాడని ఓనరు రుజువు చేస్తేనే కుదురుతుంది. టేపు చుట్టించినవాడే ఆ మాట అంటే నిలబడదు.

30 శాతం అన్నది కూడా వాదన లేకుండా ఒప్పుకోవద్దు. 1968లో ఒడిశా జయపురంలో ఒక సినిమా హాల్లో పని చేస్తూ కింద పడిన వడ్రంగికి ఎడమ చెయ్యి తీసేశారు. మోచేతి పైకి పోయిన చేతికి ఇంత శాతమే అని యజమాని వాదిస్తే, ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి నూటికి నూరు శాతం పోయినట్టే అని 1975లో సుప్రీంకోర్టు తేల్చింది. పరిహారం బాకీ ప్రమాదం రోజు నుంచే మొదలవుతుందన్నదీ ఆ తీర్పులోనే ఉంది. మీది వేళ్ళ కేసు, అచ్చం అదే అనను, కానీ కుడి చేత్తో ప్రెస్ పని తప్ప ఇంకేమీ రాని మనిషి అన్న మాట డాక్టరు సర్టిఫికెట్‌లో పడేలా చూసుకోండి.

దరఖాస్తు కార్మిక శాఖ ఆఫీసులో వేస్తారు, డిప్యూటీ కమిషనరో అసిస్టెంట్ కమిషనరో ఈ కేసులు వింటారు. లాయరు లేకపోయినా పర్లేదు, రిజిస్టరయిన యూనియన్ మనిషి మీ తరపున నిలబడొచ్చు. కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరునిస్తుంది, 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్ళకి, కార్మికులకి ఆదాయంతో సంబంధం లేకుండా ఈ సాయం హక్కు.

2024 ఆగస్టులోనే అచ్యుతాపురం ఫార్మా ఫ్యాక్టరీ ప్రమాదంలో 17 మంది చనిపోయారు, 2025 జూన్ 30న పాశమైలారం ఫార్మా ఫ్యాక్టరీ పేలుడు. రెండు చోట్లా ముఖ్యమంత్రులు వెళ్ళారు, చనిపోయిన వాళ్ళకి కోటి రూపాయలు ప్రకటించారు, ఇవ్వాల్సిందే. కానీ ఒక్కో షెడ్డులో ఒక్కో చెయ్యిగా పోయే వేళ్ళ గురించి ఏ కెమెరా రాదు. మీ ఆయనకి ఎవరూ ఏదీ ప్రకటించరు కాబట్టి మీరే వెళ్ళి అడగాలి. ఈ వారంలో వెళ్ళండి.

ప్రశ్న: మేడం గారూ, మాది ఉద్దానం. మా బావ (35) హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ సైటులో సెంట్రింగ్ పని చేస్తూ 2025 జూన్‌లో అయిదో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. రోజుకి 900 కూలి. అక్కకి ఇద్దరు చిన్న పిల్లలు, మా అక్క అత్తగారు కూడా వాళ్ళతోనే ఉంటుంది, ఆమెకి భర్త లేడు. పనికి తీసుకెళ్ళిన మేస్త్రీ మా ఊరివాడే, మాకు పెదనాన్న వరస. ఊళ్ళో పెద్దలు కూర్చుని 3 లక్షలు ఇప్పించి, ఇకపై ఏ సంబంధం లేదని అక్క చేత వేలిముద్ర వేయించారు. ఇప్పుడు కేసు వేస్తే పెదనాన్న మీద పడుతుందని మా అమ్మ వద్దంటోంది. పైగా కేసంటే హైదరాబాద్ తిరగాలి కదా.

జవాబు: తమ్ముడూ, హైదరాబాద్ తిరగక్కర్లేదు. ప్రమాదం జరిగిన చోటే కాదు, మీ అక్క నివాసముండే జిల్లాలో కూడా దరఖాస్తు వేయొచ్చు. శ్రీకాకుళంలోనే వేయండి. వలస వెళ్ళినవాళ్ళ కుటుంబాలకి ఈ సంగతి తెలియక ఎంతమంది వదిలేసుకుంటారో.

పెదనాన్న సంగతి. కాంట్రాక్టు మీద పని చేయించినా అసలు పని ఎవరిదో వాళ్ళు, అంటే ఇక్కడ బిల్డరు, బాధ్యులు. కేసు బిల్డరు మీద వేయండి. మేస్త్రీ పేరు సాక్షిగా రావాలి, మీ బావ ఆ సైటులో, ఆ రోజు, ఆ కూలికి చేశాడని చెప్పగలిగినవాడు ఆయనే. ఆయన భయం నాకు అర్థమవుతుంది, ఆ బిల్డరు దగ్గరే మళ్ళీ పని కావాలి, ఊరి నుంచి ఇంకో పదిహేను మందిని తీసుకెళ్ళాలి. బిల్డరు తర్వాత ఎవరి దగ్గర రాబట్టుకుంటాడన్నది వాళ్ళ ఒప్పందాల గొడవ, అది చూసి ఇద్దరు పిల్లల అన్నం ఆపలేం కదా. ఈ మాట మీరు కాకుండా మీ అమ్మ చేత ఆయన భార్యతో చెప్పించండి, మగవాళ్ళ పంచాయితీ కంటే అది బాగా పని చేస్తుంది.

ఆ వేలిముద్ర కాగితం పైన చెప్పినట్టే చెల్లదు. చావు విషయంలో చట్టం ఇంకా గట్టిగా ఉంది. పరిహారం కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలి తప్ప కుటుంబం చేతికి నేరుగా ఇస్తే అది పరిహారం చెల్లించినట్టే కాదు. మూడు నెలల కూలి దాకా ఇచ్చిన అడ్వాన్సు మాత్రం లెక్కలో తగ్గిస్తారు. ఊరి పెద్దలు మంచి ఉద్దేశంతోనే ఇప్పించి ఉండొచ్చు, కానీ వాళ్ళు రాసింది ఈ డిపాజిట్‌కి బదులు కాదు.

రావాల్సింది ఎంతంటే, 15 వేలలో సగం 7,500, 35 ఏళ్ళకి అంకె 197.06, మొత్తం 14,77,950 రూపాయలు. మీ బావ నెలకి 23 వేల పైనే సంపాదించేవాడు, ఆ 15 వేల పరిమితి అన్యాయమని నేననుకుంటాను, కానీ ప్రస్తుతానికి లెక్క అదే. దీనికి దహన ఖర్చులు, పైన చెప్పిన వడ్డీ కలుస్తాయి. డబ్బు ఎవరికెంత అన్నది కమిషనరే పంచుతారు. భార్య, మైనరు పిల్లలు, భర్త లేని తల్లి, అందరికీ హక్కుంది. పిల్లల వాటా సాధారణంగా బ్యాంకులో వేసి ఉంచుతారు, అది మీ అక్కకి మంచిదే, వరసైన వాళ్ళు అప్పడగడానికి రారు.

కావాల్సిన కాగితాలు: ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు. పంచనామాలో ‘సైటులో పని చేస్తుండగా’ అని ఉందో లేదో ముందు చూడండి, ‘ప్రమాదవశాత్తు జారిపడి’ అని మాత్రమే ఉంటే సాక్షులు ఇంకా ముఖ్యం. మీ బావకి భవన నిర్మాణ కార్మికుల బోర్డు కార్డు ఉందా? ఉంటే బోర్డు ఇచ్చే సాయం వేరే, అది తీసుకున్నంత మాత్రాన పరిహారం పోదు.

ప్రశ్న: నా భర్త గుంటూరు దగ్గర స్పిన్నింగ్ మిల్లులో చేస్తారు, ఈఎస్‌ఐ కట్ అవుతుంది. 2025 ఆగస్టులో రాత్రి డ్యూటీకి బండి మీద వెళ్తుంటే లారీ తగిలి కాలు విరిగింది. మిల్లు లోపల జరగలేదు కాబట్టి మామూలు జబ్బు సెలవే అంటున్నారు హెచ్‌ఆర్ వాళ్ళు.

జవాబు: తప్పు. 2010లో ఈఎస్‌ఐ చట్టం సవరించినప్పుడే ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వెళ్ళే దారిలో ప్రమాదాన్ని కూడా పని ప్రమాదంగా చూడాలని చేర్చారు. టైము, దారి, డ్యూటీ ఒకదానితో ఒకటి పొసగాలి, అంతే. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ తెల్లవారుజామున 3 గంటల డ్యూటీకి బండి మీద వస్తూ ఫ్యాక్టరీకి 5 కిలోమీటర్ల దూరంలో చనిపోతే, ఈఎస్‌ఐ లేని వాళ్ళ పాత పరిహార చట్టం కిందా అలాగే చూడాలని సుప్రీంకోర్టు 2025 జూలైలో చెప్పింది. ఆ ప్రమాదం 2003 నాటిది, ఆ కుటుంబం ఇరవై రెండేళ్ళు ఎదురుచూసింది. 2025 నవంబర్ 21 నుంచి ఈ రెండు చట్టాల బదులు అమల్లోకి వచ్చిన కొత్త సామాజిక భద్రతా స్మృతిలో కూడా ఈ దారి ప్రమాదం మాట ఉంది.

తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, జబ్బు కింద అయితే జీతంలో 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజులే. పని ప్రమాదం కింద అయితే 90 శాతం, కోలుకునే దాకా. కాలు కొంచెం పొట్టిగా అతుక్కుని కుంటు మిగిలిపోతే మెడికల్ బోర్డు శాతం కట్టి శాశ్వతంగా నెలనెలా ఇస్తుంది. మిల్లు యాక్సిడెంట్ రిపోర్టు పంపాలి. పంపకపోతే ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆ రాత్రి షిఫ్ట్ రోస్టరు పట్టుకుని మీరే ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, మీ దగ్గరున్న కాపీ మీద స్టాంపు వేయించుకోండి.

ప్రశ్న: జగిత్యాల జిల్లా. మా తమ్ముడు దుబాయ్‌లో పరంజా మీద నుంచి పడి నడుము విరిగింది. కంపెనీ రెండు నెలలకే టికెట్ ఇచ్చి పంపేసింది.

జవాబు: యూఏఈ చట్టం ప్రకారం వైద్యం ఖర్చు కంపెనీదే. చికిత్స కాలంలో ఆరు నెలల దాకా పూర్తి జీతం, ఇంకా తగ్గకపోతే మరో ఆరు నెలలు సగం జీతం ఇవ్వాలి. పూర్తిగా పనికి రాకుండా పోతే 24 నెలల బేసిక్ జీతం, కనీసం 18 వేలు, గరిష్ఠంగా 2 లక్షల దిర్హాములు. ఇక్కడ బేసిక్ అన్న మాట గమనించండి. ఓవర్‌టైము కలిపి 1,500 వచ్చినా కాంట్రాక్టులో బేసిక్ 800 అని ఉంటే లెక్క 800 మీదే. కాంట్రాక్టు, అక్కడి ఆస్పత్రి రిపోర్టులు పోగొట్టుకోకండి, విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటు మదద్‌లో ఫిర్యాదు పెట్టండి. తమ్ముడిది ఈసీఆర్ పాస్‌పోర్టు (వెళ్ళే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సినది) అయితే వెళ్ళేటప్పుడే ప్రవాసీ భారతీయ బీమా కట్టి ఉంటారు, రెండేళ్ళకి 275 రూపాయలు. శాశ్వత వైకల్యానికి 10 లక్షల దాకా ఉంది అందులో. ఏజెంటు ఆ పాలసీ కాగితం ఇవ్వకపోయి ఉంటే ఈ రోజే అడగండి.

ప్రశ్న: నాకు చిన్న రైసుమిల్లు ఉంది, ఏడుగురు పనివాళ్ళు. పోయిన దసరాకి ఒక హమాలీ తాగి వచ్చి ఎలివేటర్ బెల్టులో చెయ్యి పెట్టాడు, ముంజేయి విరిగింది, నాలుగు నెలలు పనికి రాలేదు. వైద్యానికి నేనే 80 వేలు పెట్టాను. ఇంకా అడుగుతున్నాడు. తాగినవాడికి కూడా ఇవ్వాలా?

జవాబు: వైద్యం చేయించారు, అందరూ చేయించరు, ఆ మాట ముందు చెప్పాలి. కానీ తాగి ఉన్నాడన్నది మీరు రుజువు చేయాలి, అదీ తాగినందువల్లే దెబ్బ తగిలిందని చూపాలి. ఆస్పత్రి కాగితంలో మద్యం వాసన అని డాక్టరు రాశారా? లేకపోతే దసరా రోజు కాబట్టి తాగే ఉంటాడన్న మాట నిలవదు. ఒకవేళ అతను చనిపోయి ఉన్నా, శాశ్వతంగా, పూర్తిగా పనికి రాకుండా పోయినా, తాగుడు రుజువైనా సరే మీరు కట్టాల్సిందే, చట్టం ఆ మినహాయింపుని అక్కడికి రానివ్వలేదు.

ఇప్పుడు అతనికి రావాల్సింది తాత్కాలిక వైకల్యం కింద, పదిహేను రోజులకోసారి నెల జీతంలో 25 శాతం. నెలకి 15 వేలు అనుకుంటే నెల మొత్తానికి 7,500, నాలుగు నెలలకి 30 వేలు. మీరు పెట్టిన 80 వేల ముందు ఇది పెద్ద మొత్తం కాదు, ఈ గొడవని కమిషనర్ దాకా తీసుకెళ్ళి వడ్డీతో కట్టడం కంటే ఇచ్చేసి, కాగితం రాసుకుని, కార్మిక శాఖలో రిజిస్టరు చేయించుకోండి. చెయ్యి సరిగా తిరగకపోతే శాశ్వత నష్టం లెక్క వేరే ఉంటుంది, డాక్టరుకి చూపించండి.

ఇక నా ప్రశ్న ఒకటి. ఆ బెల్టుకి గార్డు ఉందా? హమాలీ తాగాడు సరే, తాగని మనిషి బస్తా మోసుకుంటూ కాలు జారినా ఆ బెల్టు లాగుతుంది కదా. ఇనుప జాలీ కొట్టించడానికి వెల్డరుకి ఒక పూట పని. అలాగే ఏ సాధారణ బీమా కంపెనీ దగ్గరైనా ఉద్యోగుల పరిహార పాలసీ దొరుకుతుంది, ఏడుగురి పేర్లూ, అసలు కూలీ ఎంతో తగ్గించకుండా రాసి తీసుకోండి. సీజను మొదలయ్యాక హమాలీలు పెరిగి పది మంది అయితే ఈఎస్‌ఐ వస్తుంది, అప్పుడు వాళ్ళ పేర్లు మొదటి రోజే ఎక్కించండి.